చిన్నకోడలు ఇచ్చింది పెద్దకోడలు ముట్టదు

ఆసుపత్రి లాండ్రీలో ఒక మాట చాలాకాలం తిరిగింది. రోలరు మిషను దగ్గర పనిచేసే తోడికోడళ్ళిద్దరిలో పెద్దావిడ, చిన్నావిడ ఇచ్చిందేదీ చేత్తో ముట్టదట. ఒట్టు పెట్టుకుందట. దుప్పటి అందిస్తే నేలమీద పడేస్తుందట, బంతి ఇస్తే కాలితో తన్నేస్తుందట. చివరికి ఎదురుగా ఆ మొహం చూస్తూ దుప్పట్లు అందుకోవడం భరించలేక మిషను దగ్గర తన చోటే మార్పించుకుందట. రెండు కొప్పులు ఒకచోట ఇమడవని ఊరికే అన్నారా అని విన్నవాళ్ళు తలలూపేవారు.

ఈ మాటకి పుట్టిల్లు కుట్టుమిషను బల్ల. చిరిగిన దుప్పట్లకి మాసికలు వేసే ఆవిడ అక్కడ కూర్చునేది. ఆమె కుర్చీ సరిగ్గా రోలరుకి ఎదురుగా ఉండేది. కాళ్ళు మిషను తొక్కుతుంటే కళ్ళు ఖాళీగా ఉండేవి. "నేను కల్పించి చెప్పే మనిషిని కాదు, కళ్ళతో చూసిందే చెబుతాను," అనేది. అందులో అబద్ధం లేదు. ఆమె చెప్పినవన్నీ జరిగినవే.

పెద్దకోడలికి అప్పుడు ముప్పై తొమ్మిదేళ్ళు. లాండ్రీలో చేరి పదమూడేళ్ళయింది. రోలరు మిషనంటే, ఆవిరితో కాగే రెండు పొడుగాటి ఇనప దొర్లుడు గొట్టాలు. ముందు వైపు ఒకరు నిలబడి తడి దుప్పటిని అంచు సరిచేసి లోపలికి పంపాలి. వెనక వైపు అది ఇస్త్రీ అయి, వేడిగా, బిగిసిన అప్పడంలా బయటికి వస్తుంది. వచ్చిన క్షణంలో రెండు మూలలూ పట్టుకుని లాగి మడత పెట్టాలి. పట్టుకోవడం ఆలస్యమైతే నేలమీద పడుతుంది. నేల తగిలిన గుడ్డ ఎంత తెల్లగా ఉన్నా మళ్ళీ ఉతుకుడికే. ముందు వైపు కిటికీ ఉంది, గాలి వస్తుంది. వెనక వైపు గోడ, వేడి. పెద్దకోడలు చేరిన రోజున వెనక వైపే ఖాళీగా ఉంది కాబట్టి అక్కడ నిలబడింది. పదమూడేళ్ళకి ఆమె వేళ్ళ చివర్లు బూట్ల తోలులా తయారయ్యాయి. పొయ్యి మీద గిన్నెని గుడ్డ లేకుండానే దించేది.

నాలుగేళ్ళ తర్వాత మరిదికి పెళ్ళయింది. చిన్నకోడలు కాపురానికి వచ్చిన రెండో నెలలోనే ఆమె కూడా లాండ్రీలో చేరి ముందు వైపు నిలబడింది. అప్పటినుంచి తొమ్మిదేళ్ళపాటు రోజుకి ఎనిమిది గంటలు చిన్నకోడలు పంపడం, పెద్దకోడలు చేత్తో అందుకోవడం. ఇంట్లోనూ ఇంచుమించు అంతే. మిషను మోతలో మాటలు వినపడవు కాబట్టి ఇద్దరికీ మాట్లాడుకోవడం పెద్దగా అలవాటు కాలేదు. చూపుతో సరిపెట్టుకునేవారు.

ఫుట్‌బాల్ సంగతి ఇంకో రకంగా వచ్చింది. బాయిలరు చూసే ఆయన కుర్రతనంలో బాగా ఆడినవాడు. రొట్టెల ఫ్యాక్టరీ ఆడవాళ్ళు, పోస్టాఫీసు ఆడవాళ్ళు, బస్సు డిపో ఆడవాళ్ళు కలిసి ఒక లీగు పెట్టుకున్నారని తెలిసి, మనకేం తక్కువని ఆసుపత్రి తరఫున ఒక జట్టు తయారుచేశాడు. మొదటి రోజు అందరినీ వరసగా నిలబెట్టి, పరిగెత్తలేనివాళ్ళు ఎవరని అడిగాడు. పెద్దకోడలు చెయ్యెత్తింది. అలా గోల్‌కీపర్ అయింది. చిన్నకోడలు ఆమె ముందు డిఫెండరుగా నిలబడింది.

ఎందుకు వెళ్తున్నావని అడిగితే పెద్దకోడలు, "ఊరికే, కాళ్ళు సాగుతాయని," అనేది. అసలు సంగతి వేరు. ఇంట్లో ఆమెను పిలవనివాళ్ళు లేరు. అత్తగారికి కళ్ళజోడు కనపడకపోయినా, మరిది చొక్కాకి గుండీ ఊడినా, పిల్లలకి లెక్క తెగకపోయినా ఆమె పేరే. వంటింట్లో ఉంటే హాల్లోంచి, హాల్లో ఉంటే వంటింట్లోంచి. గోలు ముందు, ఆ తెల్లగీతల డబ్బాలో నిలబడ్డ తొంభై నిమిషాలూ ఆమెను ఎవరూ దేనికీ పిలవరు. ఏం వస్తుందో చూడాలి, వచ్చింది ఆపాలి, అంతే. వారానికి ఆ తొంభై నిమిషాల కోసమే మిగతా ఆరు రోజులూ గడిపేది. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

తోడికోడళ్ళిద్దరి ఆటకీ ఒక పద్ధతి ఉండేది. అవతలివాళ్ళు మీదికి వస్తే చిన్నకోడలు మెల్లిగా బంతిని వెనక్కి దొర్లించేది. పెద్దకోడలు దాన్ని రెండు చేతులా ఎత్తుకుని, రెండుసార్లు నేలకి కొట్టి, ఎండ ఎటుందో చూసి, మళ్ళీ చిన్నకోడలికే ఇచ్చేది. ఆవిడ రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి. ఒక గోలు ఆధిక్యం వచ్చిందంటే ఇక ఆట అక్కడే తిరిగేది. బస్సు డిపో వాళ్ళు దీనికి 'తోడికోడళ్ళ సీరియల్' అని పేరు పెట్టారు. ఎన్ని వారాలు చూసినా కథ కదలదు.

ఇలాంటి సాగదీత కుదరదని పెద్ద ఆటల్లో రూలు వచ్చి ఏళ్ళు గడిచాయి. కాని ఈ లీగులో రిఫరీలు ఎవరో ఒకరి మొగుళ్ళో బావగార్లో అయ్యేవారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఏడు మాత్రం లీగు వాళ్ళు శిక్షణ పొందిన రిఫరీని పిలిపించారు. పాతికేళ్ళ పిల్ల. మెడలో విజిల్, జేబులో పుస్తకం. సీజనుకి ముందు జరిగిన స్నేహపు మ్యాచ్‌లో చిన్నకోడలు ఎప్పట్లాగే బంతి వెనక్కి ఇచ్చింది. పెద్దకోడలు ఎప్పట్లాగే ఎత్తుకుంది. విజిల్ మోగింది. పెద్దకోడలు చుట్టూ చూసింది, ఎవరికైనా దెబ్బ తగిలిందేమోనని. గోలుకి బాగా దగ్గర్లో అవతలివాళ్ళకి ఫ్రీకిక్ ఇచ్చారు. ఒకామె పక్కకి తోసింది, రెండో ఆమె తన్నింది, గోలు. ఇరవై నిమిషాల తర్వాత సరిగ్గా అదే మళ్ళీ జరిగింది.

బాయిలరాయన ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టి ఓపికగా చెప్పాడు. మనవాళ్ళ తల తగిలి వస్తే పట్టుకోవచ్చు. ఛాతీకో మోకాలికో తగిలి వచ్చినా పట్టుకోవచ్చు. మనవాళ్ళు కావాలని పాదంతో ఇస్తే మాత్రం చేతులు తగలకూడదు. గీత బయటినుంచి మనవాళ్ళు చేత్తో విసిరినా అంతే.

"మరి అవతలివాళ్ళు తంతే?" అని అడిగింది పెద్దకోడలు.

"శుభ్రంగా పట్టుకో."

"పైవాళ్ళు ఇస్తే పట్టుకోవాలి, ఇంటిమనిషి ఇస్తే ముట్టుకోకూడదు."

"అంతే."

"మా అత్తగారికి చెప్పాలి ఈ రూలు. ఇంట్లో పెట్టినా పెడుతుంది."

పక్కనే ఉన్న చిన్నకోడలికి ఒక ఉపాయం తట్టింది. బంతిని కాలితో పైకి లేపి, తలతో కొట్టి వెనక్కి ఇస్తే సరిపోతుంది కదా అంది. బాయిలరాయన చేతులు జోడించాడు. అది దొంగతెలివి అవుతుందనీ, పసుపు కార్డు చూపిస్తారనీ, ఈ తెలివి వాళ్ళకి ముందే వచ్చిందనీ చెప్పాడు. తర్వాత అసలు మాటకి వచ్చాడు. మొదటి లీగు మ్యాచ్‌కి నెల ఉంది. ఎక్స్‌రే గదిలో పనిచేసే అమ్మాయి పొడగరి, కాలితో బాగా ఆడుతుంది, గోలులో నిలబడతానని అడుగుతోంది కూడా. "నీ మీద నాకేం కోపం లేదు. మ్యాచ్‌లో ఇంకొక్కసారి చేత్తో ఎత్తావంటే గ్లవ్స్ ఆ అమ్మాయికి ఇచ్చేస్తాను," అన్నాడు.

పెద్దకోడలు సరేనంది. ఆ రోజు ఇంటికి నడిచివెళ్ళేటప్పుడు గ్లవ్స్‌ని సంచిలో పెట్టుకోకుండా చేత్తో పట్టుకునే నడిచింది.

మర్నాటినుంచి సాయంత్రం ఐదింటికి ఇంటి వెనక సందులో సాధన మొదలైంది. చిన్నకోడలు తన్నాలి, పెద్దకోడలు వంగకుండా కాలితో తన్నాలి. మొదటి రోజు ఇరవై బంతులకి పందొమ్మిది చేత్తోనే పట్టుకుంది. తప్పించుకున్న ఇరవయ్యోది మురిక్కాలవలో పడింది. రెండో రోజూ అంతే. మూడో రోజు చిన్నకోడలు చిరిగిన దిండు గలేబు ఒకటి తెచ్చి, అక్క చేతులు వెనక్కి విరిచి కట్టేసి, బంతి తన్నడం మొదలుపెట్టింది. పై వాటాలో ఉండేది కుట్టుమిషనావిడ పిన్ని కూతురే. మర్నాడు టిఫిను వేళకి లాండ్రీ అంతా పాకింది, చిన్నది పెద్దదాని చేతులు కట్టేసి బంతితో కొడుతోందని. అత్తగారు కిటికీలోంచి చూస్తూ కూడా ఊరుకుందట. నిజానికి అత్తగారు ఊరుకోలేదు. "ఎవరు గెలుస్తున్నారే?" అని అడిగింది. అడిగి లోపలికి వెళ్ళిపోయింది.

రెండో వారం బాయిలరాయన ఇంకో కిటుకు చెప్పాడు. బంతిని చూస్తే చేతులు ఆగవు. ఎవరు తన్నారో ఆ మొహం చూడు, మనవాళ్ళ మొహమైతే చేతులు కట్టేసుకో. ఈ మాట బాగా పనిచేసింది. సందులో చిన్నకోడలితో పాటు పక్కింటి పిల్లల్ని కూడా నిలబెట్టారు. పిల్లలు తంతే పట్టుకోవాలి, చిన్నకోడలు తంతే తన్నాలి. పెద్దకోడలు మొహాలు చూడటం నేర్చుకుంది. చిన్నకోడలి మొహం కనపడగానే చేతులు నడుం దగ్గరే ఆగిపోయేవి. పదిహేను రోజులకి ఇరవై బంతులకి ఒక్కటి కూడా ముట్టుకోలేదు. గలేబు అవసరం తీరిపోయింది.

ఆ సోమవారం రోలరు దగ్గర మొదటి దుప్పటి నేలమీద పడింది.

పెద్దకోడలు దాని వంకా తన చేతుల వంకా చూసుకుంది. దుప్పటి రావడం చూసింది. రోలరు పైనుంచి చిన్నకోడలి మొహం కనపడింది. చేతులు ఆగిపోయాయి. తొమ్మిదేళ్ళ అలవాటుని పదిహేను రోజుల అలవాటు మింగేసింది. ఆ రోజు రెండు పడ్డాయి. మంగళవారం ఐదు. బుధవారం తొమ్మిది. పడిన ప్రతి దుప్పటినీ ట్రాలీలో వేసి ఉతుకుడు గదికి తోసుకెళ్ళాలి. దారి కుట్టుమిషను బల్ల పక్కనుంచే.

ఇద్దరూ చేయగలిగింది చేశారు. చిన్నకోడలు ముక్కుకి మాస్కు, నుదుటిమీదికి టోపీ పెట్టుకుంది. కళ్ళు మిగిలాయి, అవి చాలు. తల దించుకుని పనిచేసి చూసింది. అంచు సరిగా పడక దుప్పటి ముడతలు పడింది. గురువారం ఇద్దరి మధ్యా, మిషను పైనుంచి, ఒక తువ్వాలు అడ్డంగా వేలాడదీశారు. సూపర్‌వైజరమ్మ వచ్చి, ఆవిరి మిషను మీద గుడ్డ ఆరేస్తారా అని దాన్ని పీకేసింది. ఆలోగా చూడవలసినవాళ్ళు చూశారు. మొహమొహాలు కూడా చూసుకోవడం లేదు, మధ్యలో తెర కట్టుకున్నారు అని మాట పుట్టింది. కుట్టుమిషనావిడ ఈ సంగతి బాయిలరాయన చెవిన కూడా వేసింది.

"నిప్పు లేందే పొగ రాదు కదన్నా," అంది.

"ఇది లాండ్రీ తల్లీ. ఇక్కడ వచ్చేది పొగ కాదు, ఆవిరి," అన్నాడు ఆయన.

గురువారం సాయంత్రం సూపర్‌వైజరమ్మ పెద్దకోడలిని గదిలోకి పిలిచింది. ఆమె చెడ్డమనిషి కాదు, కాని ఆమెకి వార్డుల నుంచి ఫోన్లు వస్తున్నాయి. కారణం అడిగింది. పెద్దకోడలు చెప్పింది. బంతి గురించి, రూలు గురించి, మొహం గురించి. చెబుతుంటే తనకే నమ్మబుద్ధి కాలేదు. సూపర్‌వైజరమ్మ అంతా విని, సోమవారం నుంచి మురికి బట్టల గదికి వెళ్ళమంది. అక్కడ రోలరు లేదు, పట్టుకోవలసింది లేదు, వార్డుల నుంచి వచ్చిన మూటలు విప్పి వేరుచేయడమే. జీతం అదే. పని వేళలు మాత్రం పదకొండు నుంచి రాత్రి ఏడు దాకా.

సాధన ఐదింటికి. మ్యాచ్‌లు శనివారం మూడింటికి. మురికి గదికి శనివారం సెలవు లేదు.

పెద్దకోడలు సరేనని బయటికి వచ్చింది. ఆ సాయంత్రం గ్లవ్స్‌ని సబ్బుతో ఉతికి, బాయిలరు గదిలో వేడి గొట్టం మీద ఆరేసింది. ఎక్స్‌రే అమ్మాయికి ఇవ్వాలంటే శుభ్రంగా ఇవ్వడం మర్యాద. చిన్నకోడలు గుమ్మంలో నిలబడి గొట్టం మీది గ్లవ్స్‌ని చూసి, పోదాం పద అక్కా అనకుండా, "నువ్వు నడుస్తుండు, నేను వెనకాలే వస్తా," అంది. ఇంటికి గంట ఆలస్యంగా వచ్చింది.

శుక్రవారం పొద్దున సూపర్‌వైజరమ్మ రోలరు దగ్గరికి వచ్చి, ఇద్దరినీ చోట్లు మార్చుకోమంది. పెద్దకోడలు ముందు వైపుకి, చిన్నకోడలు వెనక వైపుకి. ఒక వారం చూస్తాననీ, ఒక్క దుప్పటి పడినా మురికి గదే అనీ చెప్పి వెళ్ళింది.

ఇక పెద్దకోడలు ఏమీ పట్టుకోనక్కర్లేదు. పంపడమే. చిన్నకోడలి మొహం ఎదురుగా ఉన్నా ఫరవాలేదు. దుప్పట్లు పడటం ఆగిపోయింది. కిటికీ గాలి తగులుతుంటే పదమూడేళ్ళలో మొదటిసారి ఆమెకి మెడ మీద చెమట ఆరింది. చిన్నకోడలి వేళ్ళు మాత్రం మూడో రోజుకే బొబ్బలెక్కాయి. ఇంట్లో అన్నం కలుపుకోలేక చెంచాతో తింది. పెద్దకోడలు మందు రాస్తూ, నీకెందుకొచ్చిన బాధే, వెళ్ళి కాదని చెప్పు అంది.

"నన్నడిగి మార్చిందా ఏంటి? ఆవిడిష్టం," అంది చిన్నకోడలు. "ఊదు అక్కా, మాటలు తర్వాత."

కుట్టుమిషను బల్ల దగ్గర మాత్రం మాట స్థిరపడిపోయింది. పెద్దావిడ గదిలోకి వెళ్ళింది, మర్నాడే చోటు మారింది. హాయిగా కిటికీ దక్కించుకుని, పాపం ఆ చిన్నపిల్లని పొయ్యిలోకి తోసింది. ఇంకా రుజువు కావాలా?

కావాలనే కుట్టుమిషనావిడ ఆ మరుసటి వారం శనివారం గొడుగు వేసుకుని మ్యాచ్ చూడటానికి వెళ్ళింది. జీవితంలో చూసిన మొదటి మ్యాచ్ అదే. రొట్టెల ఫ్యాక్టరీ వాళ్ళతో ఆట. వాన తగ్గి మైదానం బురదగా ఉంది. మొదటి సగంలో జట్టులో ఉన్న ఒక నర్సు, తలతో బంతిని వెనక్కి కొట్టింది. పెద్దకోడలు దాన్ని రెండు చేతులా అందుకుని గుండెకి హత్తుకుంది. విజిల్ మోగలేదు. కుట్టుమిషనావిడ ఇది గుర్తుపెట్టుకుంది.

రెండో సగంలో చిన్నకోడలు గీత దగ్గర చిక్కుకుపోయింది. ఇద్దరు మీదికి వచ్చారు. బొబ్బల చేతులతో బ్యాలెన్సు చేసుకుంటూ కాలి మడమతో బంతిని వెనక్కి నెట్టింది. బురదలో బంతి నెమ్మదిగా, వంకరగా వస్తోంది. రొట్టెల ఫ్యాక్టరీ పిల్ల ఒకతి దాని వెనకే పరిగెత్తుకొస్తోంది. పెద్దకోడలు బంతిని చూడలేదు. చిన్నకోడలి మొహం చూసింది. బంతి చేతికందే దూరంలోకి వచ్చింది, వంగితే చాలు. గీత అవతల బాయిలరాయన కళ్ళు మూసుకున్నాడు. ఎక్స్‌రే అమ్మాయి బెంచీ మీంచి లేచి నిలబడింది. పెద్దకోడలు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, బూటు మొనతో ఒక్క తాపు తన్నింది. బంతి ఎటో ఎగిరి, మైదానం దాటి, సైకిళ్ళ మధ్య పడింది.

"అందంగా లేదు," అన్నాడు బాయిలరాయన కళ్ళు తెరిచి. "చాలు."

ఆ మ్యాచ్ ఒక గోలుతో ఓడిపోయారు. కార్నర్ నుంచి వచ్చిన బంతి ముగ్గురి కాళ్ళకి తగిలి లోపలికి పోయింది. దానికి ఎవర్నీ అనడానికి లేకపోయింది. ఆట అయ్యాక పెద్దకోడలు గ్లవ్స్ తీసి బాయిలరాయనకి అందించబోతే ఆయన తీసుకోలేదు, వచ్చే శనివారం తడిగా తీసుకురావద్దని మాత్రం చెప్పాడు. ఆమె వాటిని సంచిలో పెట్టుకుంది. కుట్టుమిషనావిడ సోమవారం లాండ్రీకి కొత్త సరుకుతో వచ్చింది. పరాయి నర్సు ఇస్తే గుండెకి హత్తుకుంది, సొంత తోడికోడలు ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకుని మరీ తన్నేసింది, ఈ కళ్ళతో చూశాను అంది. అబద్ధం కాదు.

ఆ సీజనులో మిగిలిన పదకొండు మ్యాచ్‌లూ పెద్దకోడలే గోలులో నిలబడింది. చేత్తో ఎత్తరాని బంతి ఒక్కటీ ఎత్తలేదు. చిన్నకోడలి వేళ్ళు మెల్లగా గట్టిపడ్డాయి.

సీజను అయిపోయాక ఒకరోజు సెలవు చీటీ ఇవ్వడానికి పెద్దకోడలు సూపర్‌వైజరమ్మ గదికి వెళ్ళింది. ఆటలు అయిపోయాయి కాబట్టి తన పాత చోటు తనకి ఇచ్చేయమనీ, ఆ పిల్లకి వేడి పడటం లేదనీ అంది. మీరు మార్చినదాన్ని కాదంటున్నానని అనుకోవద్దని కూడా అంది.

"నా అంతట నేనెక్కడ మార్చాను?" అంటూ సూపర్‌వైజరమ్మ ఫైలు తీసి ఒక కాగితం ఆమె ముందు పెట్టింది.

అర్జీ. తేదీ, గ్లవ్స్ ఉతికి ఆరేసిన గురువారం. ముందు వైపు కిటికీ గాలికి తనకు తరచు జలుబు చేస్తున్నందున, దయచేసి తనను వెనక వైపుకు మార్చవలసిందిగా కోరుతున్నానని రాసి ఉంది. కింద సంతకం చిన్నకోడలిది.